ఫొటో అడిగితే పారిపోయిన ఆసామి

తొంభైల చివర్లో సంగతి. డిగ్రీ అయ్యి ఖాళీగా ఉన్నానని, తెనాలి రిజిస్ట్రారాఫీసు ఎదుట నాన్న పక్కనే కూర్చునేదాన్ని. నాన్న దస్తావేజులు రాసేవారు. తెలిసిన సాక్షి లేకుండా వచ్చినవాళ్లకి "ఈయన్ని నేనెరుగుదును" అని ఆయనే సంతకం పెట్టేసేవారు. అక్కడి రైటర్లందరికీ అది మామూలే.

అప్పుడే, అమ్మేవాళ్ల ఫొటో కూడా అంటించాలని కొత్త రూలొచ్చింది. "ఇంక మా మాటకి విలువేముంది?" అని నాన్న రోజూ మండిపడేవారు.

ఒకరోజు సంగం జాగర్లమూడిలో పొలం అమ్ముతానంటూ ఒక పెద్దాయన వచ్చాడు. వెంట ఇద్దరున్నారు. కాగితం రాయడం, నాన్న సాక్షి సంతకం పెట్టడం అయిపోయాయి.

"ఫొటో ఒకటి కావాలండి, ఎదురుగానే స్టూడియో ఉంది," అన్నారు నాన్న.

పెద్దాయన మొహం పాలిపోయింది. "ఫొటో ఎందుకండి? మీరున్నారుగా!"

"రూలండి."

వెంట వచ్చినవాడొకడు నాన్న భుజమ్మీద చెయ్యేశాడు. "మేం రాలేదు, మీరు చూళ్లేదు. ఆడపిల్ల గలవారు," అన్నాడు నావైపే చూస్తూ. ముగ్గురూ వెళ్లిపోయారు.

నాన్న కాగితం చించేశారు. మర్నాడు ఉండబట్టలేక ఆ ఊరెళ్లి వాకబు చేశారు. ఆ పొలం ఆసామి ఎప్పుడో చనిపోయాడట.

గండం గడిచిందని అమ్మ ఇంట్లో కృతజ్ఞత ప్రార్థన పెట్టించింది. అందరూ ఆమెన్ అన్నారు, నాన్న తప్ప.

"ఈ రూలు రాకముందు ఎంతమందికి ఎరుగుదునని సంతకం పెట్టానో అమ్మాయ్," అన్నారు నాకు మాత్రమే వినబడేలా.

ఆ తర్వాత వీధిలో జీపు ఆగిన చప్పుడైతే చాలు, పోలీసులేమోనని నాన్న లేచి చొక్కా తొడుక్కునేవారు.

— సువార్త, బాపట్ల