బండి దిగిన దొరసాని

కువైట్‌లోని మిర్కాబ్‌లో భీమేశ్వరరావు ఎక్కడుంటాడని అడిగితే ఎవరూ చెప్పలేరు. బయస్కోపు బాబాయ్ అనాలి. అప్పుడు మా రూముకు దారి చూపిస్తారు. షర్క్‌లో ఒక ఆఫీసులో ఇరవై రెండేళ్లుగా టీలు కలుపుతున్నాడు. అది పొట్టకూటి పని. అసలు ఉద్యోగం శుక్రవారం మధ్యాహ్నం మొదలవుతుంది. సూరాయమ్మ గారి మెస్సులో భోజనాలు అయ్యాక బెంచీలు జరిపి, గోడకు తెల్ల దుప్పటి కట్టి, అరచెయ్యంత ప్రొజెక్టరుతో నూరేళ్ల కిందటి మూకీ సినిమా వేస్తాడు. పక్కన నిలబడి కథ చెబుతాడు.

ఇది వాళ్ల తాత విద్య. సినిమాలకు మాటలు రాని రోజుల్లో ఆ తాత టెంటు హాల్లో తెర పక్కన నిలబడి, బొమ్మలో ఏం జరుగుతోందో జనానికి అరిచి చెప్పేవాడట. నోటికి అదుపు లేని మనిషి. ఒకే సినిమాలో హీరోయిన్ని రాజోలులో బతికించి, ముమ్మిడివరంలో చంపేశాడు. ఆ రెండు ఊళ్లవాళ్లూ ఒక పెళ్లిలో కలుసుకుని, పిల్ల బతికిందా చచ్చిందా అని విస్తళ్ల ముందే కలబడ్డారు. తాత ఉద్యోగం ఊడింది. అందుకే మనవడు ఒట్టు పెట్టుకున్నాడు. కథ అందరికీ ఒక్కటే, అదీ పుస్తకంలో ఉన్నదే.

పుస్తకమేమిటంటారా? ఆ పాత సినిమాలు చాలావాటికి విక్టోరియా రాణి కాలపు లావుపాటి నవలలే ఆధారం. రెండూ ఇప్పుడు ఫోన్లో ఉచితంగా దొరుకుతాయి. బాబాయ్ ఇంటర్ తప్పాడు. అయినా డిక్షనరీ పక్కన పెట్టుకుని ఆరువందల పేజీల ఇంగ్లీషు నమిలేస్తాడు. ఓసారి నాకు పెద్ద క్లాసు పీకాడు. ఆ నవలలు నెలనెలా ముక్కలుగా వచ్చేవట. ముక్క చివర ఎవరో ఒకరు గండంలో పడాలట, లేకపోతే పై నెల ఎవడు కొంటాడు? ఒక అధ్యాయం కోర్టులో ఆపి, తర్వాతది సముద్రంలో ఎత్తుకునేవారట. సినిమావాళ్లు వచ్చి ఆ కత్తిరింపునే తెర మీదికి తెచ్చుకున్నారట. “సినిమా కెమెరా పుట్టకముందే సినిమా రాసేశార్రా ఆళ్లు” అన్నాడు. ఆ లెక్కన తనూ వారానికి ఒక్క రీలే వేస్తాడు. మాకు ఒళ్లు మండుతుంది. అయినా వెళతాం.

ఈ చలికాలం వేసిన సినిమాలో లైట్‌హౌసు కాపలాదారు కూతురు ఒక పెద్దింట్లో పనిమనిషి. దొరసాని హారం పోయింది. నేరం పిల్ల మీద పడింది. హారం ఎక్కడుందో తెలుసుకున్న తండ్రి తుఫానులో పడవేసుకుని బయలుదేరాడు. ఒక బొమ్మలో బోనులో పిల్ల, మరో బొమ్మలో అలల్లో తండ్రి. ఆ పిల్లకి చివర్లో పెళ్లి చేసెయ్యమని సూరాయమ్మ గారు సిఫార్సు చేసింది. పుస్తకంలో లేదండి అని బాబాయ్ మొహం మీదే చెప్పేశాడు. అన్నం పెట్టే మనిషికి కూడా మినహాయింపు లేదు. నాలుగో రీలు చివర పెద్ద అల పడవను కప్పేసింది. దుప్పటి తెల్లబడింది. ఐదో రీలు లోకంలో ఎక్కడా మిగల్లేదనీ, ముగింపు వచ్చే శుక్రవారం నవల్లోంచి చెబుతాననీ అన్నాడు.

అప్పుడు వెంకటేశ్వరి లేచి నిలబడింది. అన్నమయ్య జిల్లా మనిషి. పదకొండేళ్లుగా ఇక్కడి ఇళ్లలో పని చేస్తోంది. బుధవారం వీసా క్యాన్సిల్ చేసుకుని ఇంటికి వెళ్లిపోతోంది, మళ్లీ రాదు. ముగింపు ఇప్పుడే కావాలంది. తండ్రి బతికాడా అని అడుగుతుందనుకున్నాం.

“అది కాదన్నా. ఆ మామా ఆ పిల్లతో ఏమని చెప్పినాది?”

మామా అంటే ఇక్కడ ఇంటి యజమానురాలు, ఆమె అడిగింది దొరసాని గురించి. కువైట్ వచ్చిన కొత్తలో ఆమె పనిచేసిన ఇంట్లో బంగారు గాజు పోయిందట. పిల్లలతో సహా అందరూ చూస్తుండగా ఆమె పెట్టె హాల్లో బోర్లించారట. మూడో రోజు గాజు మామా కోటు జేబులోనే దొరికింది. టీ పెట్టమన్నారు, పెట్టింది.

“తీసినావని అందరి ముందర అనిరి. తీయలేదని ఒక్కరూ అనల్యా” అంది.

ఆమె అడిగిన మాట పుస్తకంలో లేదని నాకు తెలుసు. ఎందుకంటే ఆగలేక నేను పోయిన వారమే చివరి అధ్యాయాన్ని ఫోన్లో తెలుగులోకి మార్చుకుని చదివేశాను. తండ్రి బతుకుతాడు. పిల్లను వదిలేస్తారు. దొరసాని గుర్రపు బండిలోంచి ఆమెను చూసి, పరదా లాగేసుకుని వెళ్లిపోతుంది. అంతే, అక్కడితో పుస్తకం ఖలాస్.

బాబాయ్ నవల తెరిచి ఉన్న తన ఫోన్ వంక చూశాడు. కళ్లజోడు తీసి తుడిచాడు. మళ్లీ పెట్టుకుని, ఫోన్ జేబులో వేసుకున్నాడు. ఫోన్ చేతిలో లేకుండా ఆయన కథ చెప్పడం నేను చూడటం అదే మొదటిసారి.

“దొరసాని బండి దిగిందమ్మా. ఊరంతా చూస్తుండగా ఆ పిల్ల దగ్గరికి నడిచొచ్చింది.”

“ఏమనె?”

“‘నువ్వు తియ్యలేదు. తప్పు నాది’ అంది.”

“ఇంగోసారి చెప్పన్నా.”

ఇంకోసారి చెప్పాడు. వెంకటేశ్వరి చున్నీతో కళ్లు తుడుచుకుని, సాలన్నా అని, తను పనిచేసే ఇంటి డ్రైవరు కింద హారన్ కొడుతుంటే మెట్లు దిగి వెళ్లిపోయింది.

రూముకు నడుస్తూ, తాతగారి బుద్ధులు ఇన్నాళ్లకు బయటపడ్డాయే అని ఏడిపించాను. నవ్వలేదు.

“మరేం చెయ్యమంటావురా? ఆ మనిషి మొహమ్మీద పరదా లాగెయ్యమంటావా?” అన్నాడు.

సరే, చెప్పింది చెప్పాడు. వచ్చే శుక్రవారం మిగిలినవాళ్లకు అసలు ముగింపు చెబితే? రేపు ఎవరో వెంకటేశ్వరికి ఫోన్ చేసి, దొరసాని బండే దిగలేదటగా అంటే? ఆ వారమంతా బాబాయ్‌కి అన్నం సయించలేదు. నవల మళ్లీ మొదటినుంచి చదివాడు, ఎక్కడైనా దొరసాని మెత్తబడిందేమోనని. ఎక్కడా లేదు.

శుక్రవారం మెస్సు కిటకిటలాడింది. ఖాళీ దుప్పటి ముందు నిలబడి బాబాయ్ నా వైపు ఒక్కసారి చూశాడు. నేను ఫోన్ తీసి ఆ చివరి అధ్యాయం చెరిపేశాను. కథ అందరికీ ఒక్కటే కదా. దొరసాని బండి దిగింది. ఊరంతా చూస్తుండగా నడిచొచ్చింది. ‘నువ్వు తియ్యలేదు. తప్పు నాది’ అన్న మాట మాత్రం, ఎవరూ అడక్కుండానే రెండుసార్లు చెప్పాడు.