సున్నపుగూడ కమలాబాయి పళ్లెం

బొల్లారం దాటి, రైలు పట్టాలకు ఆవల మూడు కిలోమీటర్ల దూరంలో గల సున్నపుగూడ అనే పల్లెలో ముప్పై ఒక్క ఇండ్లు, నలభై బర్రెలు, నూట ఇరవై మంది మనుషులు ఉన్నారు. అయితే ఇది కంటికి కనబడే సంగతి మాత్రమే. కాగితం ప్రకారం అక్కడ ఎవరూ లేరు. దస్తరంలో ఆ ఊరి పేరుకు ఎదురుగా "బేచిరాగ్", అనగా దీపం వెలగని ఊరు, అని చక్కని దస్తూరితో రాసి ఉన్నది. లేని మనుషులకు నల్లా అవసరం లేదు కనుక, ఊరి పక్కనుంచే వెళ్లిన నీళ్ల పైపు ఎటూ తిరగకుండా ముందుకు సాగిపోయింది. ఇందులో అధికారుల తప్పేమీ లేదు.

తప్పు, విచారించగా, కమలాబాయిది.

కమలాబాయికి అరవై ఆరేండ్లు. ఆమె కొత్త కోడలిగా వచ్చిన రోజుల్లో, కంచె దాటి మేశాయన్న నేరానికి బర్రెలను బందెలదొడ్డికి తోలుకొనిపోవడానికి తరచుగా జీపు వచ్చేది. ఆమె ఇల్లు ఊరికి మొదట ఉండడం వల్ల జీపు దుమ్ము ముందుగా ఆమెకే కనబడేది. వెంటనే ఇత్తడి పళ్లెం మీద గరిటెతో కొట్టేది. ఆ చప్పుడు వినగానే ఊరంతా ఇండ్లకు తాళాలు వేసి, బర్రెలతో సహా గుట్ట వెనుక సీతాఫలాల తోపులోకి వెళ్లిపోయేది. బందెలదొడ్డి మూతపడి ఇరవై ఏండ్లు గడిచినా ఈ క్రమశిక్షణ సడలలేదు. జనాభా లెక్కల వారు వచ్చినా, ఇండ్ల సర్వే వారు వచ్చినా పళ్లెం మోగింది. వచ్చినవారు ముప్పై ఒక్క తాళాలను సగౌరవంగా దర్శించుకొని, చూసినది చూసినట్టు రాసుకొని వెళ్లారు.

ఇన్నేండ్లూ కమలాబాయి రోజూ రెండు బిందెలతో పట్టాలు దాటి నీళ్లు తెచ్చుకొన్నది. రెండేండ్ల కిందట ఆమె మోకాలు అందుకు నిరాకరించింది. అప్పుడు, ఊరిలో మనుషులు కలరని మనవి చేస్తూ ఆమె అర్జీ పెట్టించింది. దస్తరంలో గుమాస్తాగా దాని నకలు తీసింది నేనే కనుక చెప్పగలను, అర్జీలో ఏ లోపమూ లేదు. అందుకే జవాబుకు పదకొండు నెలలే పట్టింది: "సదరు గ్రామమున నివాసితులు లేనట్లు రికార్డు కలదు. అయినను, నివాసితులు కోరినందున, నివాసితులు ఉన్నదీ లేనిదీ స్వయముగా పరిశీలించబడును."

పరిశీలనకు ముందు రోజు కమలాబాయి ఇల్లిల్లూ తిరిగింది.

"రేపు జీపు వస్తది. నేను పళ్లెం కొట్టను. ఒక్కలు సుత కదలొద్దు," అన్నది.

పక్కింటి రోసమ్మ నసిగింది. "నువ్వు కొట్టకున్నా కాళ్లు ఊకుంటయా కమలక్కా? నలభై ఏండ్ల అలవాటాయె."

"నల్లా వద్దా మరి? నా మోకాలు సూడు, ఎట్ల ఉబ్బిందో."

"నల్లా వద్దని ఎవలన్నరు? జీపే వద్దంటున్న."

మరునాడు పది గంటలకు జీపు వచ్చింది. పళ్లెం మోగలేదు. పళ్లెం మోగకుండా జీపు రావడం ఎన్నడూ ఎరగని ఊరివారు, కొట్టవలసిన మనిషినే పట్టుకొన్నారని తీర్మానించుకొని, రెట్టింపు వేగంతో తోపు చేరారు. పరిశీలనాధికారి రాజేందర్‌కు బర్రె తాడు పట్టుకొని అరుగు మీద కూర్చున్న కమలాబాయి ఒక్కతే కనబడింది.

"ఊర్ల ఎందరుంటరమ్మా?"

"నూట ఇరవై మంది సార్."

"ఏరి?"

"తోపుల ఉన్నరు. మీరు పోంగనే వస్తరు."

రాజేందర్ తాళాల వంక చూశాడు. "నేను పోయినంక వచ్చేటోళ్లను నేనెట్ల రాసుకోవాలె? నువ్వు సుత వాళ్లెంబడి పోయుంటే నా పని అల్కగ అయ్యేది."

"నా మోకాలు పోనిస్తలేదు సార్."

ఊరి ఉనికికి ఆ మోకాలే ఆధారమయింది. నివేదికలో "స్త్రీ ఒకరు, బర్రె ఒకటి" అని నమోదయింది. నివాసితురాలు ఒకరు కనుక నల్లా ఒకటి, ఆమె వాకిట్లో, రోజు విడిచి రోజు అరగంట మంజూరు చేశారు. బర్రెకు విడిగా ఏమీ రాలేదు.

నల్లా మొదటిసారి పారిన ఉదయం, ఆ శుభవార్త ఊరంతటికీ చెప్పాలన్న ఆత్రంలో కమలాబాయి చేతికి అందిన వస్తువు ఆ ఇత్తడి పళ్లెమే. గరిటెతో గట్టిగా కొట్టింది.

అరగంట సేపు నీళ్లు ధారాళంగా వచ్చాయి. తాళం వేసిన ఇండ్ల ముందున్న బిందెలను కుంటుతూ ఒక్కొక్కటే తెచ్చి, ఆమె పదకొండు నింపగలిగింది. తర్వాత నల్లా ఆగిపోయింది.

మధ్యాహ్నానికి రోసమ్మ తోపు నుంచి అటూ ఇటూ చూసుకుంటూ వచ్చి, మెల్లగా అడిగింది. "ఎవలొచ్చిన్రక్కా?"

"నీళ్లు," అన్నది కమలాబాయి, మోకాలు రుద్దుకుంటూ. "వచ్చి పోయినయి."