నా తోట ఫొటో, రెండు బొండాలు

ఆ రోజు జీడితోటలో పిక్కలు ఏరి ఇంటికొచ్చి చెప్పులు విప్పబోతే రాలేదు. పాదాలు పొంగి పట్టీలు చర్మంలోకి దిగిపోయాయి. మా ఆవిడ ఈశ్వరమ్మ నా ముఖం చూసి, "ఏటి, మొకం అలాగ ఉబ్బిపోనాది? ఆస్పత్రిలో సూపించుకో" అంది. నేను వినలేదు. మా జలంత్రకోట వైపు చాలామందికి కిడ్నీ జబ్బే, ఆ రక్తపరీక్షంటేనే హడలు. క్రియాటినిన్ ఎంతో బయటపడితే ఊళ్లో ఇక మనిషిని అడగరు, అంకెనే అడుగుతారు. నడుం నొప్పికి ఏళ్ల తరబడి మింగుతున్న బిళ్లలే ఇంకో రెండు మింగి పడుకున్నాను.

నెల తిరక్కుండా వాంతులు పట్టుకున్నాయి. పలాసలో బ్లడ్ టెస్ట్, అల్ట్రాసౌండ్ చేశారు. ఒకటి దగ్గర ఉండాల్సిన క్రియాటినిన్ తొమ్మిది. "రెండు కిడ్నీలూ కుంచించుకుపోయాయండి. సీకేడీ, లాస్ట్ స్టేజ్. డయాలసిస్ మొదలుపెట్టాలి" అన్నారు డాక్టరుగారు. ముందు మెడ దగ్గర కాథెటర్ పెట్టారు, తర్వాత డయాలసిస్ సూదులు గుచ్చడానికి వీలుగా ఎడమ చేతికి ఫిస్టులా ఆపరేషన్ చేశారు. వారానికి మూడుసార్లు, నాలుగేసి గంటలు. తాగే నీళ్లకూ కొలతే. డైటీషియనమ్మ ఒక కాగితం ఇచ్చి ఏవేవో చెప్పింది. అర్థమైనట్టు తలూపి, కాగితం మడిచి జేబులో పెట్టాను.

డయాలసిస్ గదిలో పక్క బెడ్ ఎర్రయ్య మావది. మూలపేట దగ్గర చేపలవేటకు వెళ్లిన మనిషి. ఒకరోజు, "అల్లుడా, ఇది సూడు" అని ఫోనులో ఫొటో చూపించాడు. తెల్లారుతున్న సముద్రం, కాస్త ఇసుక, అంతే.

"ఇందులో నువ్వెక్కడ మావా?"

"నానుంటే నా మొకమే సూత్తారు. ఇక్కడ నిలబడితే గాలి ఎటేపుందో తెలిసిపోద్ది. అందుకే ఈ సోటు నాకిట్టం."

ఎదుటి బెడ్ సీతమ్మ నౌపడ ఉప్పు మడుల్లో పనిచేసింది. ఆవిడ ఫొటోలో ఎండకు మెరిసే ఉప్పు కుప్పలు. "ఉప్పు తినొద్దన్నారు గానీ సూడొద్దనలేదు గదా!" అని నవ్వేది. నా ఫోనులో వెతికితే అన్నీ ల్యాబ్ రిపోర్టులే. "నీకు ఊరు లేదేటి?" అన్నాడు మావ. నాకు రోషం వచ్చింది.

ఆ ఆదివారం మా కొబ్బరితోటకు వెళ్లాను. జబ్బు పడ్డాక అదే మొదటిసారి. చెట్ల కింద వెల్లకిలా పడుకుని, పైన మట్టలు ఒకదాన్నొకటి ఒరుసుకునే చోట ఫొటో తీశాను. ఎండ మండిపోతోంది, నాలుక పిడచకట్టుకుపోయింది. చెట్లెక్కి కాయల దింపు తీస్తున్న అప్పన్న బొండం కొట్టి ఇచ్చాడు. "తాగు బావా, కిడ్నీలకి ఇంతకి మించిన మందు లేదు" అన్నాడు. మా వైపు అందరూ అనే మాటే. నేను నీళ్లు పోసి పెంచిన చెట్టు నన్నేం చేస్తుందిలే అనుకుని రెండోదీ తాగాను.

సాయంత్రానికి కాళ్లు చచ్చుబడ్డాయి. గుండె తప్పటడుగులు వేసింది. ఆటోలో పలాస చేరేసరికి మాట తడబడుతోంది. ఈసీజీ తీసి, పరుగున ఇంజెక్షన్ ఇచ్చి డయాలసిస్ పెట్టారు. "పొటాషియం ఏడు దాటింది. బొండంలో ఉండేది అదేనండి. మీ కిడ్నీలు దాన్ని బయటికి పంపలేవు. ఇంకో గంటయితే గుండె ఆగేది" అన్నారు డాక్టరుగారు.

బతికాను గానీ మనసు విరిగిపోయింది. నా తోటే నాకు విషమైతే ఇంక ఎందుకీ బతుకు అనిపించింది. తర్వాతి డయాలసిస్‌కు వెళ్లలేదు. ఈశ్వరమ్మ బతిమాలింది, తిట్టింది, చివరికి గుమ్మంలో కూలబడి ఏడ్చింది. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. అప్పుడు ఎర్రయ్య మావ ఫోన్ చేశాడు.

"రాలేదేటి అల్లుడా?"

"ఇంక రాను మావా."

"నన్ను సముద్రం రెండుసార్లు ముంచీసింది. ఆ ఫొటోలో సోటే. కోపం నాకు నేదేటి? ఉంది. అయినా సూత్తన్నాను. నువ్వూ కోపంగానే రా, నీ తోట సూపించు."

మర్నాడు వెళ్లాను. ఫొటో చూసి మావ చాలాసేపు ఫోను తిరిగి ఇవ్వలేదు. ఆ చోటు నాకెందుకిష్టమో సీతమ్మ అడిగితే చెప్పాను: ఆ నీడ నేను నాటింది, అందుకు. చెబుతుంటే ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

ఇప్పుడు మూడో ఏడు. ఆ తర్వాత ఒక్క డయాలసిస్ కూడా మానలేదు. పొద్దుపొద్దున్నే తోటకు వెళ్తాను, బరువులు ఎత్తను. ఎవరైనా వస్తే బొండం కొట్టించి ఇస్తాను, నేను మాత్రం ముట్టను. మీలో డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు ఒక్కటే చెబుతాను. ఎవరు ఏది మంచిదని పెట్టినా, నోట్లో పెట్టుకునే ముందు మీ డాక్టర్ని గానీ డైటీషియన్ని గానీ అడగండి. అర్థం కాకపోతే మళ్లీ అడగండి. మా ఇంటికి సలహాకు వచ్చేవాళ్లకు ఈ ముక్క నన్ను చెప్పనివ్వదు ఈశ్వరమ్మ. తనే నావైపు చెయ్యి చూపించి చెబుతుంది:

"అడగడానికి ఈయనకి సిగ్గేసింది. ఆయాల ఆటోలో ఈయన తల నా ఒళ్లో ఎట్టుకుని, ఊపిరుందో నేదో సూసుకుంటూ ఎల్లింది నాను."