ఇంజన్ ఆగినప్పుడు

మా చెల్లెలి కూతురిని ఇంట్లో అందరమూ తూనీగ అంటాము. పసితనంలో ఒక్కచోట కుదురుగా ఉండనందుకు పెట్టిన ముద్దుపేరు అది. పెద్దయ్యాక ఆమె నడిపే వాహనం కూడా తూనీగలాగే ఉంటుందని మాత్రం ఎవరూ ఊహించలేదు. ఇద్దరికి మించి పట్టని గాజుబుడగ, వెనుక సన్నని తోక, నెత్తిన రెండే రెండు రెక్కలు. ఆ తేలికపాటి హెలికాప్టర్‌లో కొండల మీదుగా సాగే కరెంటు తీగలను పరిశీలించడం ఆమె ఉద్యోగం.

కొంతకాలంగా ఆమె ఆ ఉద్యోగానికి వెళ్ళడం లేదు. ఒకనాడు తీగల పక్కన ఎగురుతుండగా ఇంజన్ దగ్గినట్లయి, హెచ్చరిక హారన్ మోగింది. ఆ క్షణంలోనే ఎడమచేతి లివరును కిందికి దించాలి. ఆమె చెయ్యి బిగుసుకుపోయింది. ఇంజన్ దానంతటదే తేరుకోబట్టి ప్రాణాలతో బయటపడింది. ఆనాటి నుంచి జలుబని, పంటినొప్పని, నడుము పట్టేసిందని సాకులు మొదలయ్యాయి. చివరకు తేలికపాటి హెలికాప్టర్ల పైలట్లకు జరిగే భద్రతా సదస్సుకు పేరిచ్చింది. అక్కడ కూడా చెయ్యి మాట వినకపోతే ఈ పనికి శాశ్వతంగా స్వస్తి చెబుతానని నాకొక్కదానికే చెప్పింది.

పైలట్ భయాన్ని ఇంట్లోవాళ్ళే ముందు పసిగడతారు కనుక ఒకరిని వెంట తెచ్చుకోమన్నారట. నాకేం అర్థమవుతుందే అని నేను వెనుకాడాను.

"అర్థం కాకపోతే వాళ్ళ తప్పులు దిద్దుతూ కూర్చో, పెద్దమ్మా. అది నీకు నిద్రలో కూడా వచ్చు" అంది.

రేకుల షెడ్డులో కుర్చీలు వేశారు. ముందున్న బల్ల మీద విప్పదీసిన రెక్క ఒకటి ఉంది. తల నెరిసినా నడుము వంగని శిక్షకుడు, అందరూ మాష్టారు అని పిలిచే మనిషి, దానిని తాకి చూడమని నన్ను పిలిచారు. జానెడు వెడల్పయినా లేదు. ఇటువంటివి రెండు ఇద్దరు మనుషులను ఆకాశంలో నిలబెడతాయంటే, నా చెయ్యి దాని మీద నుంచి వెంటనే రాలేదు.

పాఠం మొదలైంది. ఒక పైలట్ లేచి, ఇంజన్ ఆగితే తానేం చేస్తాడో చెప్పబోయాడు. మాష్టారు అడ్డుకున్నారు.

"ఆగితే కాదు బాబూ, ఆగినప్పుడు. 'ఆగితే' అనుకునే చెయ్యి ఆలోచిస్తూ కూర్చుంటుంది. 'ఆగినప్పుడు' అనుకునే చెయ్యి దిగుతుంది."

ఇది వ్యాకరణం క్లాసా అని వెనుక వరుసలో ఎవరో గొణిగారు. తూనీగ నా వైపు చూసి నవ్వాపుకుంది. 'తే' చేరి షరతును చెప్పే చేదర్థకాన్ని తెలుగు టీచరుగా నేను జీవితమంతా నల్లబల్ల మీద బోధించాను. ఒక ప్రత్యయాన్ని ఆధారం చేసుకుని మనిషి ప్రాణం గాలిలో నిలుస్తుందని ఆ షెడ్డులోనే తెలుసుకున్నాను.

ఇంజన్ ఆగిన హెలికాప్టర్ రాయిలా పడదట. లివరు దించగానే కిందినుంచి ఎగదన్నే గాలి రెక్కలను తిప్పుతుందట. పడుతున్న వేగమే, చివరకు పడకుండా కాపాడుతుందన్నమాట.

మధ్యాహ్నం ఆ పాఠాన్ని గాలిలో అభ్యాసం చేయించడానికి ఒక్కొక్కరినే మాష్టారు పైకి తీసుకువెళ్ళారు. తన వంతు వచ్చినప్పుడు తూనీగ ఎడమ అరచేతిని ప్యాంటుకు రుద్దుకుని ఎక్కింది. వాహనం చిన్నదై, చుక్కంతయింది. ఉన్నట్టుండి ఇంజన్ మోత తగ్గిపోయింది. నేను కంచె తీగను పట్టుకున్నాను. హెలికాప్టర్ కిందికి జారుతూ వచ్చింది; రెక్కలు గాలిని కోసే చప్పుడు తప్ప మరేమీ వినిపించలేదు. నేల దగ్గరపడగానే ముక్కు పైకెత్తి, ఒక్క ఊపిరి నిలిచి, గడ్డి మీద వాలింది. పడడానికీ దిగడానికీ ఉన్న భేదాన్ని అంత స్పష్టంగా ఏ నిఘంటువూ నాకు చెప్పలేదు.

దిగి వచ్చినప్పుడు ఆమె జుట్టు నుదుటికి అంటుకుపోయి ఉంది.

"ఎప్పుడు ఆపుతారో ఆయన చెప్పలేదు, పెద్దమ్మా. హారన్ మోగకముందే చెయ్యి దిగిపోయింది."

ఆ ఎడమచేతిని నా రెండు చేతుల్లోకి తీసుకున్నాను. అది ఇంకా వెచ్చగా ఉంది.

ఫోను ఎక్కడ పెట్టానో మరిచిపోవడం నాకు అలవాటు. కారెక్కుతూ ఆమె దాన్ని నా సంచిలో పైకి కనబడేలా సర్దింది.

"సోమవారం ఎగిరినప్పుడు ఫోన్ చేస్తాను" అంది. నా సంచి వైపు చూసి, "నువ్వు ఎత్తితే" అంది.