ఐసు ఫ్లాస్కులో వెళ్ళిన ముక్క

పాథాలజీలో పీజీ చేసే రోజుల్లో నాకు ఒక్క మనిషంటే కుళ్ళు. నాతోనే చేరిన నర్సంపేట అమ్మాయి. వయసులో చిన్నదని నన్ను అక్కా అనేది. ఎనభైల మొదట్లో మాట. గర్భసంచి లోపలి పొరలో ఎంజైముల మీద థీసిస్ కావాలని నేను సార్ చుట్టూ తిరుగుతుంటే, ఆయన ఆ టాపిక్‌ను తీసుకెళ్ళి ఆమె చేతిలో పెట్టారు. ఆ రోజు మట్టెవాడలో మా ఇంటికి పోయి అన్నం కూడా ముట్టలేదు.

పైగా ఆమెకు ఆ పని కుదిరింది. ఆపరేషన్‌లో తీసిన పొర ముక్కను మామూలుగా నిల్వ చేసే ఫార్మలిన్‌లో వేస్తే ఎంజైము పాడవుతుంది, ఐసులో పెట్టి పరుగున తేవాలి. ఆమె ఆపరేషన్ థియేటర్ ఆయమ్మను పెద్దమ్మా అని పిలిచి, ఆమె డబ్బాలో పచ్చడి తినేది. ఇక ముక్క తీయగానే కబురు రాక ఏమవుతుంది? మందులు పోశాక ఎంజైము ఉన్నచోట స్లైడు నల్లబడుతుంది. ఆమె స్లైడుల్లో ఆ నలుపు కాటుక గీసినంత సన్నగా వచ్చేది. "బాగానే ఉంది" అని, కళ్ళలో నిప్పులు పోసుకుని నా సీటుకు వచ్చేదాన్ని.

ఆమెకు దొరకనివి ఎండోమెట్రియోసిస్ కేసులే. ఆ పొరలాంటిదే గర్భసంచి బయట కూడా పెరిగే జబ్బు అది. కడుపు కోసి చూస్తే తప్ప ఖాయంగా తెలిసేది కాదు. కేసులు రావొద్దని నేనేం మొక్కుకోలేదు గానీ, రాకపోతే సంతోషించేదాన్ని.

చివరికి ఆ కేసు నేనే అయ్యాను. నెలనెలా మెలికలు తిరిగిపోతుంటే ఇంట్లో "పెండ్లయితే తగ్గుతది" అనేవాళ్ళు. ఆ వేసవిలో నడవలేకపోయాను. ఆ జబ్బేనని డాక్టరమ్మ అనుమానపడి ఆపరేషన్ అంది.

"ఎవలన్న అడిగితే అపెండిక్స్ అని చెప్పు బిడ్డా. గర్భసంచి మాట బయటవడితే సంబంధాలు రావు," అని అమ్మ ఒట్టు వేయించుకుంది.

ఆపరేషన్ ముందు ఆ అమ్మాయి ఐసు ఫ్లాస్కుతో దవాఖానలో నా మంచం దగ్గరికి వచ్చింది.

"అక్కా, నీకిష్టమైతేనే పొర ముక్క తీసుకుంట. ఫికర్ చెయ్యకు, నీ పేరు ఎవలకు చెప్ప."

పక్కన డాక్టరమ్మ ఉంది. వద్దంటే నా ఓర్వలేనితనం ఆమె ముందు బయటపడుతుంది. తలూపాను. డాక్టరమ్మ అనుమానం నిజమైంది.

నేను మళ్ళీ డ్యూటీలో చేరాక, డిపార్ట్‌మెంట్‌లో ఆ అమ్మాయి తన స్లైడులు చూపించింది. సార్ ఒకదాని దగ్గర ఆగారు.

"ఇట్లాంటి స్టెయిన్ ఇంతవరకు రాలె. శభాష్ బేటా!"

అందర్నీ వరసగా పిలిచి చూపించారు. నా వంతూ వచ్చింది. స్లైడు మీద నా కేసు షీటు నంబరు చూడగానే గుర్తుపట్టాను, అది నాది. ఒక్క స్లైడుతో ఏమీ తేలదని నాకు తెలుసు. అయినా ఎంత బాగుంది! ఇన్నేళ్ళు నొప్పి పడ్డది నేను, శభాష్ ఆమెకా?

"పేషెంటు ఎవరమ్మా?" అన్నారు సార్.

"పేరు చెప్పనని మాటిచ్చిన సార్," అంది ఆమె, పొరపాటున కూడా నావైపు చూడకుండా. మంచితనంలోనూ నన్ను మించిపోతోంది. అది మరీ భరించలేకపోయాను.

"అది నాది సార్. నా గర్భసంచిది," అన్నాను.

గదినిండా మగపిల్లలు. ఒక్కరూ తలెత్తలేదు. సార్ నా ముఖం చూడలేక మళ్ళీ మైక్రోస్కోపు మీదికి వంగి, చాలాసేపు నన్నే చూశారు.