పెళ్ళికూతురి వైపు తెర

నేను అడ్డుతెరలు వేస్తాను. పెళ్ళిపీటల మీద జీలకర్రా బెల్లం పెట్టేదాకా ఒకరి మొహం ఒకరికి కనపడకుండా వధూవరుల మధ్య పట్టుకుంటారే, ఆ తెర. గుడ్డ మీద రంగులతో బొమ్మ వేసి, అంచులకి జరీ కుట్టి ఇస్తాను. భిలాయి రుఆబాంధా కాలనీలో మా క్వార్టరు వెనక వరండాయే నా కార్ఖానా. మా ఆయన స్టీలు ప్లాంటులో డ్యూటీకి వెళ్ళగానే నేను కుంచె పట్టుకుంటాను. ఈ ఊళ్ళో ఇన్ని తెలుగు కుటుంబాలున్నాయి కదా, ముహూర్తాల రోజులొచ్చాయంటే నడుం వాల్చడానికి కూడా తీరిక ఉండదు.

పనితో నాకే బాధా లేదు. బాధంతా మనుషులతోనే. ఒకావిడ, నేను వేసిన గౌరీదేవి ముక్కు అచ్చం వాళ్ళ అత్తగారి ముక్కులా ఉందనీ, ఆ తెర పట్టుకెళ్ళననీ కూర్చుంది. సరే కదా అని ముక్కు సన్నం చేసి ఇచ్చాను. కాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, ఇప్పుడు ఆడపడుచులా ఉందంది. ఇంకొకాయన శుక్రవారం సాయంత్రం వచ్చి ఆదివారం పొద్దున్నకి తెర కావాలన్నాడు. "దీదీ, థోడా జల్దీ కర్ దో, పర్దా హీ తో హై" అన్నాడు. ఉత్త తెరే కదా, తొందరగా ఇచ్చెయ్యమని. పర్దాయే అయితే, ఇంట్లో కిటికీకి ఉన్నది విప్పి పట్టుకెళ్ళమన్నాను. అదేమీ జోకు కాదు, నిజంగానే అన్నాను.

వీళ్ళందరినీ భరిస్తాను గానీ, ఫోనులో ఫొటో పట్టుకొచ్చి "సేమ్ టు సేమ్ కావాలి" అనేవాళ్ళని చూస్తే మాత్రం నాకు ఒళ్ళు మండుతుంది. ఎవరో అమ్మాయి ఎక్కడో కూర్చుని, బుర్ర బద్దలు కొట్టుకుని గీసిన గీత అది. దాన్ని నేను దించుకోవడమేమిటి? "ఆ అమ్మాయి దగ్గరే కొనుక్కోండి, కావాలంటే నంబరు నేనే వెతికిపెడతాను" అంటాను. నేను వేసినదైనా సరే, ఒకసారి ఒక పిల్లకి ఇచ్చేశాక రెండోసారి వెయ్యను. "నీ నోటికి జడిసి బేరాలు పారిపోతున్నాయే" అని మా ఆయన వెక్కిరిస్తాడు. పారిపోతే పారిపోనీ!

ఆమధ్య ఒక చలికాలంలో, పక్క ఊరు దుర్గ్‌లో కాంట్రాక్టులు చేసే ఒకాయన భార్య మా ఇంటికొచ్చింది. మొహమాటం ఆవిడ ఇంటా వంటా లేదు. కుర్చీ తనే లాక్కుని కూర్చుని, ఫోను నా ముక్కు కింద పెట్టింది.

"తెరలేసేది నువ్వేనా అమ్మా? ఇదిగో, ఇది కావాల. మా అమ్మాయి పెళ్ళికి. బిల్కుల్ ఇదే."

చూస్తే అది నేను వేసిందే. కలువల కొలనూ, రెండు నెమళ్ళూ. క్రితం ఏడాది ఈవిడ తోటికోడలి కూతురికి వేసి ఇచ్చాను.

"ఒకసారి వేసింది మళ్ళీ వెయ్యనమ్మా. మీ అమ్మాయికి కొత్తది వేస్తాను" అన్నాను.

"కొత్తదెందుకు? బాగుందనే కదా ఇదడుగుతున్నాను. నెమళ్ళు మాత్రం ఇంకో రెండు పెట్టు."

"రెండు కాదు, మందనే పెట్టమన్నా ఆ కొలను వెయ్యను."

"అదేటి! మా తోటికోడలి కూతురికి వేసినావు, మా అమ్మాయికి వెయ్యవేటి? మా అమ్మాయేటి తక్కువా?"

"తక్కువ కాదు కాబట్టే వెయ్యనంటున్నాను."

"నీ మాటలు నాకు తెలవ్వు గానీ, ఆలోచించుకో. మళ్ళీ వస్తాను" అని మొహం మాడ్చుకుని లేచిపోయింది. ఇచ్చిన టీ సగం గ్లాసులోనే ఉండిపోయింది. నాకూ తక్కువేం లేదు, ఆ గ్లాసు కడుగుతున్నంతసేపూ గొణుక్కుంటూనే ఉన్నాను.

మర్నాడు సాయంత్రం ఒకమ్మాయి స్కూటీ మీద వచ్చి గేటు దగ్గర నిలబడింది. లోపలికి రమ్మంటే అటూ ఇటూ చూసి వచ్చింది. నిన్నటావిడ కూతురు, పెళ్ళికూతురు. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల, హిందీ వచ్చినంత బాగా తెలుగు రాదు.

"ఆంటీ, మమ్మీ మళ్ళీ వస్తాది. ప్లీజ్, హాఁ అనకండి, ఒప్పుకోకండి" అంది వస్తూనే.

"ఏమ్మా? ఆ తెర నచ్చలేదా?"

"నచ్చింది ఆంటీ. చాలా బాగుంది. కానీ అది దీదీది కదా." పెద్దమ్మ కూతుర్ని ఆ పిల్ల దీదీ అంటుంది. "చిన్నప్పటి నుంచీ ఇదే. దీదీ డాన్స్ నేర్చుకుంటే నాకూ డాన్స్. దీదీ సైన్స్ తీసుకుంటే నాకూ సైన్స్. దీదీ జుట్టు కట్ చేయిస్తే మమ్మీ నన్ను కూడా అదే పార్లర్‌కి తీసుకెళ్ళింది. దీదీ మీద నాకు గుస్సా లేదు. కానీ పెళ్ళిరోజు కూడా దీదీ పర్దా వెనకే కూర్చోవాలా? ఒక్కటి ఆంటీ. ఒక్కటైనా నాది కావాలి."

ఆ మాట అనేసరికి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి పిల్లకి.

"మీ అమ్మకే చెప్పొచ్చు కదమ్మా?"

"చెప్తే ఏడుస్తాది. పెద్దమ్మ వాళ్ళ ముందు మమ్మీ ఎప్పుడూ తగ్గే ఉంది ఆంటీ. మా పాపా కాంట్రాక్టులు లేటుగా నిలబడ్డాయి కదా. ఇప్పుడు మేమూ వాళ్ళకి బరాబర్ అని చూపించాలని మమ్మీకి."

నాకు కోపం తెప్పించిన మనిషి మీదే జాలి కూడా పుట్టించి కూర్చోబెట్టింది నన్ను. "సరే, నేను చూసుకుంటాను, నువ్వు బెంగపెట్టుకోకు" అని మాటిచ్చేశాను. ఎలా చూసుకుంటానో నాకే తెలీదు.

నా తెరల సంగతి ఒకటుంది, ఊరంతా చెప్పుకోను. రెండు గుడ్డలు వేరువేరుగా వేసి, మధ్యలో మందపాటి లైనింగు పెట్టి, వీపూ వీపూ కలిపి కుడతాను. పెళ్ళికొడుకు వైపు అందరికీ తెలిసిన బొమ్మే. నెమళ్ళో, కొలనో, ఫొటోల్లో పడేది అది. పెళ్ళికూతురి వైపు మాత్రం ఆ పిల్ల అడిగిందే వేస్తాను. పంతులుగారు మంత్రాలు చదువుతుంటే, తల వంచుకుని కూర్చున్న పిల్ల కళ్ళముందు ఉండేది ఆ గుడ్డ ఒక్కటే కదా! ముహూర్తం దాకా ఇంకెవరికీ చూపించను, కన్నతల్లికైనా సరే. ఒకమ్మాయి తన కుక్కని వేయించుకుంది. ఇంకో అమ్మాయి బొమ్మలేవీ వద్దు, ఉత్త పసుపు రంగు చాలంది. ఈ పిల్లనీ అదే అడిగాను, అక్కడ కూర్చున్నప్పుడు నీకేం చూడాలనుందమ్మా అని.

చాలాసేపు ఆలోచించింది. తర్వాత తనలో తనే నవ్వుకుని, నా చెవి దగ్గరికి వచ్చి చెప్పింది. నేనూ పగలబడి నవ్వాను.

అన్నట్టే ఆ వారంలోనే వాళ్ళమ్మ మళ్ళీ దిగింది. ఈసారి చేతిలో మిఠాయి పెట్టె, నోట్లో తియ్యటి పిలుపు. మా వైపు అక్కని అప్ప అంటారు.

"అప్పా, కోపాలెందుకు చెప్పు. నీకు ఇష్టం లేకపోతే ఆ నెమళ్ళు రెండే ఉంచు."

"నెమళ్ళతో నాకు గొడవేం లేదమ్మా. ఆ తెర మళ్ళీ వెయ్యను, అంతే."

"అయితే విను. ఈ ఫొటో పట్టుకుని తిన్నగా సుపేలా బజారుకి పోతాను. సాయంత్రానికి ఫ్లెక్స్ కొట్టి చేతిలో పెట్టీస్తారు. నీ దగ్గర ఈ బతిమాలుకోడం నాకేటి?"

నేను వద్దన్నంత మాత్రాన ఆ పిల్లకి ఒరిగిందేం లేదు. నెమళ్ళ ఫ్లెక్సు తెచ్చి మొహానికి అడ్డం పట్టేస్తారు. ఏం చెయ్యను? ఎన్నడూ బయటపెట్టని మాట అప్పుడు బయటపెట్టాను.

"కొట్టించుకోమ్మా. ఫొటోలో ఉన్నది ఒక వైపే. రెండో వైపు ఎక్కణ్ణుంచి తెస్తావు?"

మిఠాయి పెట్టె మూత తీస్తున్న చెయ్యి అలాగే ఆగిపోయింది.

"రెండో వైపేటి?"

"పెళ్ళికూతురి వైపు. ఆ పిల్ల ఒక్కదానికోసం వేసింది."

"ఏటుంది అక్కడ?"

"చెప్పను."

"అప్పా, నీకు పుణ్యముంటాది. ఏటుందో చెప్పీ! మా తోటికోడలికి తెలుసా?"

"ఆవిడకీ ముందు చెప్పలేదు. అది ఆ పిల్లకీ నాకూ మధ్య."

ఆ మాటతో ఆవిడ నీరుకారిపోయింది. తోటికోడలికి కూడా ముందుగా చెప్పనిది ఒకటి ఉందంటే ఆవిడకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇదే అదను అనుకుని నేనే అడిగాను.

"నీ పెళ్ళిలో తెర వెనక కూర్చున్నప్పుడు నువ్వేం చూశావు?"

"నాకెక్కడి తెరలప్పా! మా మావయ్య పంచె పట్టినారు. ఇస్త్రీ పెట్టెకి కాలిపోయిన కన్నం ఒకటుండేది." అంటూ అంటూ ఆవిడ మొహం మారిపోయింది. "ఆ కన్నంలోంచి ఈయన చెవొక్కటే కనిపించింది. చాటంత చెవి! ఓరి దేవుడో, మొహం కూడా ఇంతే ఉంటాదేటో అని దడొచ్చీసింది నాకు." కిసుక్కున నవ్వి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఇప్పటికీ ఆయన నిద్దరోతుంటే ఆ చెవి చూసి నవ్వుకుంటాను."

"ఆ పంచె మీ తోటికోడలి పెళ్ళిలోనూ పట్టారా?"

"ఎందుకు పడతారు! అది నాది..." అని ఆగింది. నా వంక గుర్రుగా చూసింది. "నువ్వు గడుసుదానివప్పా."

"మీ అమ్మాయికి కూడా ఒక కన్నం కావాలమ్మా" అన్నాను.

ఆవిడ ఫోను బయటికి తీసింది. ఫోను మీద ఫొటో చూసింది, మూసేసి సంచిలో పడేసింది. "అయితే కొత్తదే వెయ్యి. కానీ గట్టిగా ఉండాల, చూసినోళ్ళు నోరెళ్ళబెట్టాల" అంది. పెళ్ళికొడుకు వైపు మా రోడ్డు మీద పూసే గుల్‌మొహర్ చెట్ల వరస వేస్తానన్నాను. దూరంగా ప్లాంటు చిమ్నీ ఒకటి గీస్తానంటే మాత్రం ఒప్పుకోలేదు. "పెళ్ళితెర మీద పొగగొట్టమేటప్పా, ఛీ!" అంది. అక్కడ నేనే తగ్గాను.

అక్కడితో నన్ను వదిలిందనుకున్నారా? రెండో వైపు ఏముందో తెలుసుకోకపోతే ఆవిడకి అన్నం సయించలేదు. ఆవకాయ తెచ్చానని ఒకసారి, పంతులుగారు కొలతలడిగారని ఒకసారి. మంచినీళ్ళు కావాలని నన్ను వంటింట్లోకి పంపి, తను పిల్లిలా వరండా వైపు నడిచింది. గుడ్డ చుట్టచుట్టి బీరువాలో పెట్టి తాళం బొడ్డులో దోపుకున్నాను కాబట్టి సరిపోయింది. ఆఖరికి మా ఆయన్ని పట్టుకుని, "అన్నయ్యగారూ, మీరైనా చెప్పండి" అని అడిగింది. "నన్నే ఆ వరండాలోకి రానివ్వదమ్మా, డ్యూటీ నుంచి వస్తే చెప్పులతో పాటు నన్నూ బయటే ఉంచుతుంది" అన్నాడాయన. అందులో నిజం లేకపోలేదు.

పెళ్ళి దుర్గ్‌లో. నన్నూ పిలిచారు, వెళ్ళాను. నిజం చెప్పాలంటే నాకు లోపల భయంగానే ఉంది. ఆవిడకి నచ్చకపోతే పీటల మీదే రాద్ధాంతం చేసే మనిషి. ఆ పిల్ల అడిగిన ఒక్కటీ రచ్చయి కూర్చుంటుంది.

పెళ్ళికొడుకు కూర్చున్నాడు. ఇద్దరు బాబాయిలు చెరో కొసా పట్టుకుని తెర విప్పారు. అటువైపు ఎర్రటి గుల్‌మొహర్లు చూసి జనం అబ్బో అన్నారు. తోటికోడలు ముందు వరసలో మెడ చాచి చూస్తోంది. మేనమామ బుట్టలో పిల్లని తెచ్చి తెర వెనక దింపాడు. పిల్ల తలెత్తి చూసింది. భుజాలు కదలడం మొదలుపెట్టాయి. పంతులుగారు పిల్ల ఏడుస్తోందనుకుని, "ఊరుకో తల్లీ, శుభమా అంటూ" అన్నారు. ఏడుపు కాదది, నవ్వు.

ఏమైందోనని పిల్ల వెనకే ఉన్న వాళ్ళమ్మ ముందుకి వంగి చూసింది.

పన్నెండో క్లాసు చదివే రోజుల్లో ఆ పిల్లకి సుపేలాలో కోచింగు ఉండేదట. క్లాసు అయ్యేదాకా వాళ్ళమ్మ రోడ్డు పక్కన స్కూటరు మీదే కూర్చునేదట. ఇంటికెళ్ళి వస్తే పెట్రోలు దండగ, ఊరికే కూర్చుంటే పొద్దు దండగ అని, చలికాలమంతా అక్కడే బఠాణీలు ఒలిచేదట, హెల్మెట్ తిరగేసి ఒళ్ళో పెట్టుకుని, అందులోకి. పిల్ల మెట్లు దిగుతుంటే మొదట కనిపించేది ఆ హెల్మెట్‌లో పచ్చటి గింజలేనట. నేను వేసింది అదే. స్కూటరూ, స్వెట్టరు మీద చీర చెంగు దోపుకున్న ఆవిడా, ఒళ్ళో హెల్మెట్టూ, నిండా బఠాణీలూ.

ఆవిడ చూస్తూ ఉండిపోయింది. కూతురు తల తిప్పకుండానే చెయ్యి వెనక్కి చాపింది, ఆవిడ పట్టుకుంది. జీలకర్రా బెల్లం పెట్టేదాకా ఆ చెయ్యి వదల్లేదు. నా కళ్ళు నీళ్ళతో మసకబారి, అక్షింతలు పెళ్ళికొడుకు మీద వెయ్యబోయి ఫొటోగ్రాఫరు మీద వేశాను.

తెర దించగానే తోటికోడలు ఫోను పట్టుకుని వేదిక ఎక్కేసింది. "ఏటే, అటువైపు కూడా ఏదో వేయించినావంట? తిప్పు, ఒక ఫొటో తీసుకుంటాను. మా రెండోదాని పెళ్ళికి పనికొస్తాది."

పెళ్ళికూతురి తల్లి ఆ బాబాయిల చేతుల్లోంచి తెర లాక్కుని, బొమ్మ లోపలికి వచ్చేలా మడతపెట్టేసింది.

"ఫొటోలొద్దప్పా" అంది. "ఇది మా అమ్మాయిది."

తర్వాత నా పక్కనుంచి వెళ్తూ, "నా నడుం అంత లావేటప్పా?" అని చెవిలో కసిరి పోయింది. భోజనాల దగ్గర మిగతా ఆడవాళ్ళు రమ్మని పిలిచినా తెర ఎవరి చేతికీ ఇవ్వలేదు. ఒళ్ళో పెట్టుకునే అన్నం తింది.