కట్టు కింద ఆకుపచ్చ

చిన్నాయన పుండు మీది కట్టు విప్పగానే దూది ఆకుపచ్చగా కనిపించింది. సిస్టర్ దాన్ని గబుక్కున ట్రేలో పడేసి, పైన ఇంకో దూది కప్పింది. ఆమె అలా కప్పకపోయి ఉంటే ఆయనకు అంత అనుమానం వచ్చేది కాదేమో.

"ఏం దాస్తున్నవమ్మా?" అన్నాడు.

"ఏం లేదయ్యా, జర తడి ఉన్నది, అంతే."

"తడి పచ్చగ ఎట్లుంటది?"

సిస్టర్ నా వైపు చూసింది. నేను కిటికీ వైపు చూశాను.

ఎనభైల నడుమ సంగతి. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద కొత్తగా లేచిన నర్సింగ్ హోమ్ అది. కింద బట్టల దుకాణం, పైన రెండంతస్తుల్లో ఆస్పత్రి. మెట్ల పక్క గదిలో నేను ల్యాబ్ చూసేదాన్ని. మా ఇంట్లో ఎమ్మెస్సీ దాకా చదివిన మొదటి మనిషిని నేనే. మైక్రోబయాలజీ అంటే ఏమిటో మా వాళ్లకు తెలియదు గానీ, తెల్లకోటు వేసుకుంటాను కాబట్టి హెర్నియా ఆపరేషన్‌కు చిన్నాయనను నా దగ్గరికే తీసుకొచ్చారు.

చిన్నాయన మా నాన్న తమ్ముడు. ఎల్బీనగర్ అవతల ఆయనకు అంగూరు తోట ఉండేది. చుట్టూ కాలనీలు లేస్తుంటే దాన్ని ప్లాట్లకు అమ్మేశాడు. కొన్నవాడు లేఅవుట్ నక్షాలో దారి అని చూపించిన జాగాను కూడా తర్వాత ప్లాటు చేసి అమ్ముకున్నాడు. అప్పటినుంచి చిన్నాయన లోకాన్ని నమ్మడం మానేశాడు. పాలు తన ఎదుటే మరిగించి మీగడ కట్టిందో లేదో చూసేవాడు. బస్సు టికెట్టును వెలుతురుకు పట్టి చదివేవాడు. మెడలో సిలువ వేసుకున్న ఆ సిస్టర్, ఆపరేషన్ ముందు తన కోసం ప్రార్థన చేస్తానని అంటే, "ఎందుకు, బతకనని డాక్టర్ చెప్పిండా?" అని అడిగాడు.

జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ రోజూ ఇస్తూనే ఉన్నారు. జ్వరం తగ్గలేదు, చీము ఆగలేదు. ఒక పొద్దున నన్ను దగ్గరికి పిలిచి, దిండు కిందినుంచి ఒక ఖాళీ మందు సీసా తీశాడు.

"సూది మందుల నీళ్లు కలుపుతున్నరు బిడ్డా. నీ ల్యాబ్‌ల జర చూడు. ఎవ్వరికి చెప్పకు."

డాక్టరు గారి అనుమానం వేరు. ఆయన కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ సర్జన్. కారిడార్‌లో నన్ను ఆపి గొంతు తగ్గించాడు. "చూడమ్మా, మీ పిన్నిగారు కట్టు విప్పి ఏదో పసరు రాస్తున్నారని నాకు డౌటు. ఆవిడ వచ్చి వెళ్లాకే చీము పెరుగుతోంది. కాస్త కనిపెట్టి ఉండు."

చిన్నాయన భార్య, మా చిన్నమ్మ, సిస్టర్‌ను అనుమానించింది. సిస్టర్ ట్యాంకర్ నీళ్లను అనుమానించింది. నేను ఎవరికీ చెప్పకుండా చిన్నమ్మ సంచీ వెతికాను. అందులో దువ్వెన, ఉప్మా గిన్నె, ఒక తువ్వాలు తప్ప ఏమీ లేవు.

చీమును గాజు పళ్లెంలో పెంచాను. మర్నాడు మూత తీస్తే అంగూరు వాసన, పండిన ద్రాక్ష వాసన వచ్చింది. ఆ బ్యాక్టీరియా పేరు సూడోమోనాస్, దాని వాసన అలాగే ఉంటుందని పుస్తకాల్లో చదివాను. అయినా చిన్నాయన తోటలో పండిన పళ్ల వాసన చిన్నాయన పుండులోంచి వస్తుంటే మూత గబుక్కున పెట్టేశాను. పళ్లెం మీద మందు పూసిన చిన్న కాగితపు బిళ్లలు పెడితే, పనిచేసే మందు చుట్టూ ఏమీ పెరగని వలయం ఏర్పడాలి. జెంటామైసిన్ బిళ్ల అంచుదాకా పచ్చగా పెరిగిపోయింది. మిగతావాటిలోనూ చాలావాటికి వలయం లేదు.

ముందు నా బిళ్లలనే అనుమానించాను. రోజూ కరెంటు పోయేది, ఫ్రిజ్‌లో మందు చెడిపోయి ఉండొచ్చు. వేరే మామూలు బ్యాక్టీరియా మీద పెట్టి చూశాను. చుట్టూ చక్కటి వలయం వచ్చింది. బిళ్లలు బాగానే ఉన్నాయి. చిన్నాయన దాచిన సీసా అడుగున మిగిలిన చుక్కలు అదే మామూలు బ్యాక్టీరియా మీద వేసి చూస్తే దానికీ వలయం వచ్చింది. సూదిలో నీళ్లు లేవు.

ఆ వారంలోనే చైతన్యపురి నుంచి వచ్చి ఆపరేషన్‌తో కాన్పయిన ఒకామెకు కుట్లు చీము పట్టాయి. నేనే వెళ్లి చీము తీసుకొచ్చాను. అది ఆకుపచ్చది కాదు. పళ్లెంలో పెరిగింది క్లెబ్సియెల్లా అనే వేరే జాతి. కానీ చిన్నాయన పళ్లెంలో ఏ మందులు ఓడిపోయాయో, ఇక్కడా సరిగ్గా అవే ఓడిపోయాయి. నేను రెండు పళ్లేలూ పక్కపక్కన పెట్టుకుని కూర్చున్నాను. నా చేతుల మీదుగానే ఒకదానిలోది ఇంకోదానిలో పడిందేమోనని మళ్లీ మొదటినుంచి చేశాను. మళ్లీ అదే వచ్చింది.

ఆ రెండు బ్యాక్టీరియాలూ ఉన్న గాజు గొట్టాలను సంచీలో పెట్టుకుని సిటీ బస్సెక్కి, యూనివర్సిటీలో నాకు పాఠం చెప్పిన ప్రొఫెసర్ గారి దగ్గరికి వెళ్లాను. విని నవ్వాడు.

"రెండు జాతులకూ ఒకే రోగం ఎట్లా వచ్చిందని కదా నీ అనుమానం? పుట్టుకతో రాలేదు. ఒకటి రెండోదాని చేతికిచ్చింది."

బ్యాక్టీరియాలో అసలు జన్యువులు కాకుండా, విడిగా ఒక చిన్న ఉంగరం లాంటి డీఎన్ఏ ఉండొచ్చు. దాన్ని ప్లాస్మిడ్ అంటారు. మందును ఓడించే జన్యువులు దాని మీద ఉంటే, ఆ ఉంగరం నకలు పక్కనున్న బ్యాక్టీరియాకు అందుతుంది. అది వేరే జాతిదైనా సరే. ఇదంతా పరీక్షల కోసం బట్టీపట్టినదాన్నే. మా చిన్నాయన కడుపు మీద జరుగుతుందని మాత్రం ఎన్నడూ అనుకోలేదు.

ప్రొఫెసర్ గారు ఆ మాటను నాతోనే రుజువు చేయించాడు. జెంటామైసిన్‌కు ఇట్టే చచ్చిపోయే ల్యాబ్ రకం ఒకదాన్ని మా బ్యాక్టీరియాతో కలిపి ఉంచాం. తర్వాత ఆ ల్యాబ్ రకం తప్ప మరేదీ బతకని పళ్లెం మీద, జెంటామైసిన్ కూడా కలిపి, పరిచాం. మర్నాడు చుక్కలు చుక్కలుగా పెరిగి ఉంది. చావాల్సింది చావకుండా ఉండటం నేర్చుకుంది. మా రెండు బ్యాక్టీరియాల ఉంగరాలనూ బయటికి తీసి, పరిమాణాన్ని బట్టి విడదీసే జెల్‌లో వేసి చీకటి గదిలో ఊదా దీపం కింద చూస్తే, రెండు వరసల్లోనూ ఒకే ఎత్తులో నారింజరంగు గీత మెరిసింది.

"ఒకే చోట కలిసి పెరిగినయి ఇవి," అన్నాడాయన. "మీ ఆస్పత్రిలోనే ఉంది ఆ చోటు."

ఆ గొట్టాలు ఆయన దగ్గరే భద్రంగా ఉండిపోయాయి. చాలా ఏళ్ల తర్వాత, జన్యువులను అక్షరం అక్షరం చదివే యంత్రాలు వచ్చాక, ఆయన శిష్యురాలొకామె ఆ ఉంగరాన్ని పూర్తిగా చదివి నాకు చూపించింది. జెంటామైసిన్‌ను ఓడించే జన్యువు పక్కనే, పుండ్లు కడిగే కొన్ని క్రిమిసంహారకాలను తట్టుకునే జన్యువు ఒకటి అతుక్కుని ఉంది. అది చివర తెగిన జన్యువనీ, నిజంగా ఎంత పనిచేసేదో చెప్పలేమనీ ఆమె అంది. నేనూ దాన్ని పూర్తిగా నమ్మలేదు. కానీ ఆ రోజుల్లో నాకు ఈ పక్కింటి జన్యువు సంగతి తెలిసి ఉంటే, వెతకాల్సిన చోటు ముందే తట్టేది.

అప్పుడు మాత్రం ఆస్పత్రంతా వెతకాలనుకున్నాను. డాక్టరు గారు ఒప్పుకోలేదు.

"ఇక్కడేదో ఉందని పేషంట్లకు తెలిస్తే రేపు ఎవరొస్తారమ్మా? ఈ రోడ్డు మీద ఎన్ని నర్సింగ్ హోములు లేస్తున్నాయో చూస్తున్నావుగా."

"లేకపోతే లేదని తేలుతుంది కదా సార్."

చివరికి, ఎవరికీ చెప్పకూడదనే షరతు మీద సరేనన్నాడు. కుళాయిలు, ట్యాంకర్ నీళ్లు, బేసిన్లు, మంచాల అంచులు, అందరి చేతులు. తడి దూదిపుల్లతో రుద్దుకుంటూ పోయాను. సిస్టర్ రెండు చేతులూ చాచి, "ఉంటె నన్ను తీసేస్తరా?" అని మెల్లగా అడిగింది. డాక్టరు గారి ముందు నిలబడితే ఆయన చేతులు ప్యాంటు జేబుల్లోకి పోయాయి.

"నావి కూడానా?"

"అందరివీ సార్."

ఆ రోజు ఇవ్వలేదు. మర్నాడు తనే ల్యాబ్‌కు వచ్చి, కుర్చీలో కూర్చుని, చేతులు ముందుకు పెట్టాడు.

డ్రెస్సింగ్ ట్రాలీ మీద పుండ్లు కడిగే లోషన్ సీసా ఉండేది. దాంట్లోంచి కూడా ఒక చుక్క తీసుకున్నాను. అనుమానంతో కాదు. క్రిములను చంపే ద్రవం కదా, దాని పళ్లెం ఖాళీగా ఉంటుంది, మిగతావాటిని దానితో పోల్చుకోవచ్చని.

చేతులన్నీ మామూలుగానే ఉన్నాయి. నీళ్లలో మామూలు మురికే. లోషన్ పళ్లెం మూత తీయకముందే పచ్చగా కనిపించింది. తీస్తే అదే వాసన. నడుమ నడుమ జిగురుగా, తెల్లగా క్లెబ్సియెల్లా.

ట్రాలీ దగ్గరికి పరుగెత్తాను. సీసాకు బెండు బిరడా. బిరడా కింది భాగం మెత్తబడి, నల్లబడి ఉంది.

"దీన్ని ఎప్పుడు కడుగుతరు సిస్టర్?"

"కడుగుడేంది, అది మందే కదా? అయిపోవస్తె నీళ్లు కలిపి పైనుంచి పోస్తం. మిగిలింది పారబోయొద్దన్నరు సార్."

పలచబడ్డ మందుకు చావని క్రిములు ఆ బెండులో గూడు కట్టుకున్నాయి. పళ్లెం తీసుకెళ్లి డాక్టరు గారి బల్ల మీద పెట్టాను. ఆయన వంగి వాసన చూశాడు. తర్వాత లేచి వార్డులోకి వెళ్లి, సీసాలన్నిటి బిరడాలూ తన చేత్తోనే పీకి, ద్రవమంతా పారబోయించి, సీసాలు మరిగించమన్నాడు. తిరిగొచ్చాక తలుపు దగ్గరగా వేశాడు.

"ఇది బయటికి పోకూడదమ్మా. పేషంట్లకు నయం చేద్దాం. చెప్పడం కంటే అది ముఖ్యం, అవునా?"

అందులో అబద్ధమేదీ నాకు దొరకలేదు. అయినా తల ఊపకుండానే పళ్లెం తీసుకుని ల్యాబ్‌కు వచ్చేశాను.

చిన్నాయన బ్యాక్టీరియాకు పనిచేసే మందు కోఠిలో దొరికింది. దానితోపాటు పుండును పలచటి సిర్కాతో, అంటే వెనిగర్‌తో, కడగాలని డాక్టరు గారు చెప్పాడు. సూడోమోనాస్‌కు పులుపు గిట్టదు. చిన్నాయన లేచి కూర్చున్నాడు.

"సిర్కనా? నన్నేమన్న తొక్కు వెడుతున్నరా?"

నేనే దగ్గరుండి కడిగించాను. ఆయన ప్రతిసారీ ముందు తను వాసన చూసి, తర్వాత నాకు వాసన చూపించి, అప్పుడు పడుకునేవాడు. చీము తగ్గింది, జ్వరం పోయింది. ఇంటికి వెళ్లే ముందు లోషన్ సీసా సంగతి చెప్పేశాను. పొంగిపోతాడనుకున్నాను. గోడ వైపు తిరిగాడు.

"నేను అందర్ని అనుమానించిన బిడ్డా. నిన్ను సుత. గా లోషన్ ఒక్కదాన్నే నమ్మిన. మంచి వాసన వస్తుండె."

చైతన్యపురి ఆమెను అప్పటికే భర్త సర్కారు దవాఖానకు మార్చేశాడు. అక్కడి డాక్టర్లకు ఏ మందు పనిచేయదో తెలియక మళ్లీ జెంటామైసిన్‌తోనే మొదలుపెడతారు. ఆ ఉంగరం ఆమెతోపాటు అక్కడి వార్డులోకి వెళ్లి, పక్క మంచం మీదివాళ్లకు పాకుతుందేమో కూడా. డాక్టరు గారికి చెప్పకుండా వెళ్లాను. డ్యూటీలో ఉన్న డాక్టరమ్మకు అంతా చెప్పాను. ఆమె నన్ను పైకీ కిందికీ చూసి, "ఏ నర్సింగ్ హోమ్ పంపింది మిమ్మల్ని?" అంది. ఎవరూ పంపలేదన్నాను. నమ్మలేదుగానీ మందు మార్చింది.

వారం దాటాక మళ్లీ వెళ్లి చూశాను. చైతన్యపురి ఆమె మంచం మీద కూర్చుని ఉంది. ఒళ్లో ఆడపిల్ల. నన్ను చూడగానే బిడ్డను గుండెకు దగ్గరగా లాక్కుంది.

"మళ్ల ఏం తీస్కపోనీకి వచ్చినవ్?"

"ఏం తీసుకోను. చెప్పనీకి వచ్చిన," అన్నాను. కట్టు కట్టే ముందు కడిగిన ద్రవంలోనే క్రిములున్నాయనీ, ఆమె ఒంటి తప్పు గానీ తిండి తప్పు గానీ లేదనీ చెప్పాను.

"మా అత్త నేను పథ్యం చెయ్యలేదన్నది," అంది ఆమె.

"కాదు. మీ అత్తకు నేను చెప్తా."

కాసేపటికి బిడ్డ ఏడ్చింది. నేను చేతులు చాచాను. ఆమె ఇవ్వలేదు. వరండా చివరి కుళాయి వైపు గడ్డంతో చూపించింది. నేను వెళ్లి సబ్బుతో చేతులు కడుక్కుంటుంటే, ఆమె మంచం మీదనుంచి మెడ చాచి, వేళ్ల సందులు కూడా రుద్దుతున్నానో లేదో చూస్తూ ఉంది.